మా బావ ఫామ్‌హౌస్ పూల్ పంపు లీకు: రిపేరు డైరీ

శనివారం

పంపు స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే సేఫ్టీ స్విచ్) పడిపోతోందని మా బావ ఫోన్ చేశాడు. హైదరాబాద్ పక్కన మొయినాబాద్ దాటాక వాళ్ళకి చిన్న ఫామ్‌హౌస్ ఉంది, అందులో ఒక పూల్, శని ఆదివారాలు చుట్టాలూ ఫ్రెండ్సూ దిగిపోతుంటారు. పూల్ సర్వీస్ చేసే కుర్రాడు వచ్చి చూసి "మోటార్ అయిపోయింది సార్, కొత్త సెట్టు వేయించుకోండి" అని 38 వేల కొటేషన్ చేతిలో పెట్టి వెళ్ళాడట. బావ నాతో "ఓసారి వచ్చి చూడు బామ్మర్దీ, నిజంగానే పోయింది అంటే కొనేస్తా, లేదంటే చూద్దాం" అన్నాడు. సరే అని టూల్ బాక్స్ కారులో వేసుకుని బయల్దేరా.

ముందు సెటప్ చెప్తా, తర్వాత లెక్కలకి పనికొస్తది. పూల్ 8 మీటర్లు బై 4, లోతు సగటున 1.2, అంటే దాదాపు 38 వేల లీటర్లు. పంపు 1.5 హెచ్‌పీ, సింగిల్ ఫేజ్, నిమిషానికి 2850 తిరుగుళ్ళ మోటార్. దాని తర్వాత సాండ్ ఫిల్టర్, ఫిల్టర్ నెత్తిన, నీళ్ళు ఎటు పోవాలో హ్యాండిల్‌తో మార్చే ఆరు పొజిషన్ల మల్టీపోర్ట్ వాల్వ్. ఇవన్నీ పూల్ పక్కనే నేలలోకి దించి కట్టిన చిన్న పంప్ రూములో ఉన్నాయి, అంటే పంపు పూల్ నీటి మట్టానికి కిందే ఉంది. ఇది గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే ఇలాంటి చోట వాల్వులు కట్టకుండా స్ట్రైనర్ (పంపు ముందు చెత్త ఆపే బుట్ట ఉండే పాట్) మూత విప్పితే పూల్ మొత్తం రూములోకి వచ్చేస్తది.

దిగి చూస్తే నేలంతా తడి. మెయిన్ ఆఫ్ చేసి, ఎంసీబీ కూడా దించి, టెస్టర్‌తో చూసుకుని అప్పుడు చెయ్యి పెట్టా. తడి నేల మీద నిలబడి కరెంటు మోటార్ ముట్టుకోవడానికి ఏ మొనగాడికీ మినహాయింపు లేదు. అసలు ఆర్‌సీసీబీ పడుతోందంటే అది దాని పని అది చేస్తున్నట్టు, ఎక్కడో కరెంటు భూమిలోకి పోతోంది. 30 మిల్లీ యాంపియర్లు దాటి లీకైతే ట్రిప్ అవుతది. దాన్ని తీసేసి డైరెక్ట్ ఇచ్చి నడిపిస్తామనే ఎలక్ట్రీషియన్లు ఉంటారు, వాళ్ళని గేటు దగ్గరే ఆపేయాలి.

మోటార్ టర్మినల్ బాక్స్ విప్పా. లోపల చెమ్మ, మరల మీద పచ్చగా పట్టింది. అంటే నీళ్ళు మోటార్ దాకా వెళ్ళాయి. ఎక్కడ్నుంచి అన్నదే ఇప్పుడు ప్రశ్న.

పంపుకీ మోటార్‌కీ మధ్య కింద సన్నటి సందు ఉండాలి. ఈ పంపుకి లేదు! బూడిద రంగు ముద్ద ఒకటి చుట్టూ పూసి ఉంది. గోరుతో గీకి చూస్తే ఎం-సీల్. వాచ్‌మన్‌ని అడిగితే "ఆడికెళ్ళి నీళ్ళు బొట్లు బొట్లుగ కారుతుండె సారూ, సర్వీస్ పిలగాడు అచ్చి పూసిండు, అప్పటికెళ్ళి కారుతలేవు" అన్నాడు. 

నాకు తల తిరిగిపోయింది. ఎం-సీల్ తప్పేం లేదు, ట్యాంకు పగిలినా పైపు బీటలు వారినా మనకి అదే దిక్కు, కానీ ఇక్కడ పూయకూడదు. షాఫ్ట్ (మోటార్ నుంచి పంపులోకి వెళ్ళే కడ్డీ) సీల్ పాడైతే వచ్చే నీళ్ళు మోటార్‌లోకి పోకుండా నేల మీద పడిపోవాలనే ఆ సందు వదుల్తారు, షాఫ్ట్ మీద చిన్న రబ్బరు రింగు కూడా ఉంటది, వచ్చిన బొట్టుని అది విసిరి పక్కకి కొడుతది. సందు మూసేస్తే నీళ్ళకి మిగిలిన దారి ఒక్కటే, షాఫ్ట్ వెంబడి నేరుగా ముందు బేరింగ్‌లోకి. కారడం ఆగలేదు, కనపడటం ఆగింది అంతే.

ఉలితో ఆ ముద్ద మెల్లగా చెక్కేశా. లోపల్నుంచి ఓ పావు గ్లాసు తుప్పు నీళ్ళు కారాయి, టీ డికాక్షన్ రంగులో.

ఆదివారం

మోటార్ నడపలేం కాబట్టి పక్క ఫామ్‌హౌస్ వాళ్ళ దగ్గర స్పేర్‌లో ఉన్న 1 హెచ్‌పీ మోటార్ ఏదైనా దొరుకుతుందా అని బావ అడుగుతున్నాడు, అంత అవసరం లేదు అన్నా. టర్మినల్ బాక్స్ ఆరబెట్టి, మోటార్ కవర్ తీసి రాత్రంతా పక్కన 200 వాట్ల బల్బు వెలిగించి పెట్టాం, పొద్దున మెగ్గర్ (వైండింగ్ నుంచి కరెంటు లీకవుతోందా చూసే మీటర్) ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, కాసేపు టెస్టుకి నడుపుకోవచ్చు అన్నాడు. ఆర్‌సీసీబీ నిలబడింది.

ఇక అసలు వెతుకులాట. పంపులో నీళ్ళు కారే చోట్లు నాలుగైదు ఉంటాయి, అన్నీ ఒకే గుంటలోకి వచ్చి చేరతాయి కాబట్టి కింద తడి చూసి ఎక్కడ్నుంచో చెప్పలేం. నేను చేసేది ఏంటంటే మొత్తం పాత లుంగీతో తుడిచి పొడిగా చేసి, జాయింట్ల మీద ముగ్గుపిండి సన్నగా చల్లుతా. బొట్టు ఎక్కడ పుడితే అక్కడ పిండి మీద ముదురు చార దిగుతది, పైనుంచి వస్తోందా పక్కనుంచా అనేది కళ్ళకి కడుతది. ఇంకో గుర్తు, పాత లీకు ఉన్న చోట తెల్లగా సున్నం పేరుకుని ఉంటది, మన బోరు నీళ్ళ గురించి చెప్పక్కర్లేదు కదా.

పంపు ఆపి ఉన్నప్పుడు: స్ట్రైనర్ మూత పొడిగానే ఉంది. డ్రెయిన్ ప్లగ్గు దగ్గర కొంచెం చెమ్మ, బొట్టు మాత్రం లేదు. సీల్ ప్లేట్ (పంపుని మోటార్ వైపు మూసే పలక) కింద సందులో అప్పుడప్పుడూ ఓ బొట్టు.

పంపు నడుస్తున్నప్పుడు: ఆ సందు నుంచి ఆగకుండా సన్నటి ధార. మిగతావన్నీ పొడి. డెలివరీ వైపు పైపు అడాప్టర్ దగ్గర కూడా పిండి తెల్లగానే ఉంది. సక్షన్ వైపు, అంటే పూల్ నుంచి నీళ్ళు లాగే వైపు, యూనియన్ (విప్పదీసే పైపు జాయింటు) మీద షేవింగ్ ఫోమ్ రాసి చూశా, అక్కడ గాలి పీలుస్తుంటే నురగ లోపలికి గుంజుకుపోతది, ఏం కదల్లేదు. సక్షన్ వైపు లీకు ఒకటుంటది చూడండి, నడుస్తుంటే నీళ్ళు బయటికి రావు, గాలి లోపలికి పోతది, రిటర్న్ నాజిల్ నుంచి బుడగలు వస్తాయి, ఆపగానే అదే చోట నీళ్ళు కారతాయి. అది కాదు ఇది.

సో మెకానికల్ సీల్, అదే షాఫ్ట్ సీల్, పోయింది, డౌట్ లేదు. ఇక్కడితో విప్పేయొచ్చు. కానీ వాచ్‌మన్ ఇంకో మాటన్నాడు, రోజూ బోరు వేసి పూల్‌లో నీళ్ళు కలుపుతున్నాడట. ఈ ధారకి అన్ని నీళ్ళు పోతాయా?

ధార కింద మగ్గు పెట్టా, పది నిమిషాలకి 400 ఎంఎల్. గంటకి 2.4 లీటర్లు, రోజుకి 8 గంటలు నడుస్తది కాబట్టి 19 లీటర్లు. అంతే.

పూల్ నుంచి ఎంత పోతోందో బకెట్ టెస్ట్ పెట్టాం. పూల్ మెట్టు మీద బకెట్ పెట్టి, తేలిపోకుండా లోపల ఇటుక వేసి, పూల్ నీళ్ళే దాదాపు అంచు దాకా నింపి, లోపల నీటి మట్టానికి ఒక గీత, పూల్ గోడకి ఒక గీత. ఎండకి రెండూ ఒకేలా ఆవిరవుతాయి కాబట్టి తేడా ఎంత ఉంటే అంత లీకు. ఎవర్నీ పూల్‌లో దిగనివ్వొద్దు, బోరు వేయొద్దు అని వాచ్‌మన్‌కి గట్టిగా చెప్పి, ఎలక్ట్రీషియన్ అక్కడే ఉంటానన్నాడు కాబట్టి పంపు మామూలుగానే 8 గంటలు నడపమని వచ్చేశా.

సోమవారం సాయంత్రం, ఫోన్‌లో

వాచ్‌మన్ స్కేలు పెట్టి ఫోటో పంపాడు. బకెట్‌లో 7 మిల్లీమీటర్లు తగ్గింది, పూల్‌లో 13. తేడా 6. పూల్ పైభాగం 32 చదరపు మీటర్లు, ఒక మిల్లీమీటరు అంటే 32 లీటర్లు, ఆరు అంటే 192 లీటర్లు!

పంపు లీకు 19. మిగతా 170 పైచిలుకు ఎటు పోతున్నాయి?

బావకి ఫోన్ చేసి "పంపు లీకు ఒక్కటే కాదు బావా, పెద్ద దొంగ ఇంకోడున్నాడు" అన్నా. "పూల్ పగిలిందా ఏంటి, టైల్స్ పీకాలా?" అని కంగారు పడ్డాడు. టైల్స్ జోలికి పోయే ముందు ఖర్చు లేకుండా చూడాల్సింది ఒకటుంది, వేస్ట్ లైన్. బ్యాక్‌వాష్, అంటే ఫిల్టర్‌లోకి నీళ్ళు ఉల్టా పంపి కడిగినప్పుడు, ఆ నీళ్ళు బయటికి పోయే పైపు. అది కాంపౌండ్ వెనక అరటి చెట్ల పాదుల్లో తేలుతది, అటు ఎవరూ వెళ్ళరు. ఫిల్టర్ పొజిషన్‌లో ఉన్నప్పుడు ఆ పైపు ఎండిపోయి ఉండాలి. వాచ్‌మన్‌ని పోయి చూడమంటే "కారుతున్నయ్ సారూ, చెట్లకు మంచిగనే ఉన్నది గదా అనుకున్న" అన్నాడు. అరటి గెలలు ఈ ఏడాది బాగా రావడానికి కారణం ఇప్పుడు తెలిసింది.

20 లీటర్ల బకెట్ పెట్టిస్తే పంపు నడుస్తుండగా గంటా పది నిమిషాల్లో నిండింది. ఎనిమిది గంటలకి 137 లీటర్లు. పంపు ఆపాక కూడా పూల్ పైన ఉంది కాబట్టి సన్నగా జారుతూనే ఉంది, మిగతా 36 అక్కడ సరిపోయాయి. లెక్క కుదిరింది, టైల్స్ బతికాయి.

వారం మధ్యలో

మోటార్ విప్పి తెచ్చుకున్నా. విప్పడం పద్ధతి: రెండు వైపులా బాల్ వాల్వులు కట్టేసి, డ్రెయిన్ ప్లగ్గు తీసి పాట్‌లో నీళ్ళు ఖాళీ చేసి, సీల్ ప్లేట్ చుట్టూ ఉన్న బోల్టులు తీస్తే మోటారూ ఇంపెల్లరూ (నీళ్ళని తోసే చక్రం) కలిసి వెనక్కి వచ్చేస్తాయి, పైపులు కోయక్కర్లేదు. వెనక ఫ్యాన్ కవర్ తీసి షాఫ్ట్ కదలకుండా పట్టుకుని ఇంపెల్లర్‌ని ఎడమ వైపుకి తిప్పితే ఊడొస్తది. కొన్ని మోడళ్ళలో ఇంపెల్లర్ మధ్యలో లాక్ స్క్రూ ఒకటుంటది, దానికి ఉల్టా మర, అందరి అలవాటు ప్రకారం ఎడమకి తిప్పితే ఇంకా బిగిసి తల విరుగుతది. దీనికి ఉంది. కుడికి తిప్పితే వచ్చేసింది.

సీల్ చేతిలోకి వచ్చాక కథంతా దాని మీదే రాసి ఉంది. మెకానికల్ సీల్ రెండు ముక్కలు, సీల్ ప్లేట్‌లో రబ్బరు కప్పులో కూర్చున్న తెల్ల సిరామిక్ రింగు ఒకటి, ఇంపెల్లర్ వెనక స్ప్రింగుతో ఉన్న నల్ల కార్బన్ రింగు ఇంకోటి. రెండు నున్నటి ముఖాలూ ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి, సిరామిక్ కదలదు, కార్బన్ దాని మీద సెకనుకి 47 సార్లు రాసుకుంటూ తిరుగుతుంటది, మధ్యలో కంటికి కనపడనంత పల్చటి నీటి పొర ఉంటది, చల్లబరిచేదీ జారుడిచ్చేదీ అదే. నీళ్ళు లేకుండా తిరిగితే క్షణాల్లో కాలిపోతది. ఈ సిరామిక్ ముఖం మీద మధ్య నుంచి అంచుకి వెంట్రుక మందం పగుళ్ళు, గోధుమ రంగులో కాలిన వలయం. కార్బన్ అంచు ఓ చోట పెచ్చు లేచింది. రబ్బరు వంచితే వంగట్లేదు, గట్టిపడిపోయింది. వయసైపోయి అరిగిన సీల్ ఇలా ఉండదు, ఇది నీళ్ళు లేక మాడింది.

ఎందుకు మాడిందో వాచ్‌మన్‌ని అడుగుతూ పోతే వరస బయటపడింది. బ్యాక్‌వాష్ చేసేటప్పుడు సర్వీస్ కుర్రాడు పంపు ఆపకుండానే మల్టీపోర్ట్ హ్యాండిల్ తిప్పేవాడట, టైం కలిసొస్తదని. అలా తిప్పితే లోపల చక్రం ఆకారంలో ఉండే గ్యాస్కెట్, స్పైడర్ గ్యాస్కెట్ అంటారు, ప్రెషర్‌కి గాడిలోంచి లేచి మెలిపడుతది. అప్పట్నుంచి నీళ్ళు వేస్ట్ లైన్‌లోకి. వాచ్‌మన్ ఉన్నన్నాళ్ళు బోరు వేసి కలిపాడు. మధ్యలో వాళ్ళ ఊళ్ళో జాతర అని వారం పైన సెలవు పెట్టాడు, రోజుకి 13 మిల్లీమీటర్ల చొప్పున దిగి నీళ్ళు స్కిమ్మర్ (పూల్ గోడలో పైనీళ్ళు పంపుకి లాగే బుట్ట) నోటికి కిందకి వెళ్ళాయి, స్కిమ్మర్ గాలి పీల్చింది, టైమర్ మీద పంపు మాత్రం రోజూ టంచనుగా ఆన్ అయింది. సీల్ మాడింది, కారింది, ఎం-సీల్ పూశారు, బేరింగ్‌లోకి వెళ్ళింది, మోటార్‌లోకి వెళ్ళింది, ఆర్‌సీసీబీ పడింది. ఇప్పుడు 38 వేలు పెట్టి కొత్త పంపు బిగించినా, వచ్చే జాతరకి ఇదే కథ మళ్ళీ మొదలయ్యేది.

దీనికి తోడు క్లోరిన్ బిళ్ళలు. టీసీసీఏ (పూల్‌కి వాడే ఒక రకం క్లోరిన్) బిళ్ళల్ని స్కిమ్మర్ బుట్టలోనే వేస్తున్నారు. అవి బాగా యాసిడ్ గుణం ఉన్నవి, పంపు ఆగి ఉన్న పదహారు గంటలూ అక్కడే కరుగుతూ ఆ ఘాటు నీళ్ళన్నీ పంపులో నిలుస్తాయి, పొద్దున ఆన్ చేయగానే మొదటి గుక్క అదే. రబ్బర్లు గట్టిపడటంలో దీని వాటా కూడా ఉంది.

సికింద్రాబాద్‌లో పంపుల సామాన్లు దొరికే రాణిగంజ్ వెళ్ళా. సీల్ కొనేటప్పుడు పంపు పేరు చెప్పి కొనడం కన్నా పాత సీల్ రెండు ముక్కలూ పట్టుకెళ్ళడం మేలు, కౌంటర్ మీద పెడితే కేలిపర్‌తో కొలిచి అదే సైజు తీసిస్తారు. మామూలు రబ్బరుదీ వైటాన్ అనే రబ్బరుదీ రెండూ చూపించాడు, వైటాన్ తీసుకున్నా, క్లోరిన్‌కి అది ఎక్కువ ఆగుతది. 750 అయింది. సీల్ ప్లేట్ ఓ-రింగూ, మూత ఓ-రింగూ, సిలికాన్ గ్రీజ్ ట్యూబూ కలిపి ఇంకో 400. వాజలీన్ రాసేవాళ్ళున్నారు, పెట్రోలియం గ్రీజులకి కొన్ని రబ్బర్లు ఉబ్బి పోతాయి, సిలికాన్ ఒక్కటే వాడాలి.

మోటార్ అక్కడే పక్క సందులో వైండింగ్ షాపులో ఇచ్చా. ముందు బేరింగ్ వేలికి తగిలించి తిప్పితే ఇసుక నమిలినట్టు కరకరమంది. 6203 నంబరు, ముందూ వెనకా రెండూ మార్చమన్నా. వైండింగ్ మాత్రం బానే ఉంది, హీటింగ్ చేసి వార్నిష్ కొట్టి ఇచ్చారు, మొత్తం 1,400. షాపు పెద్దాయన తుప్పు నీళ్ళ మరకలు చూసి "ఇంకో నెల నడిపి ఉంటే బేరింగ్ జామయ్యి వైండింగ్ కాలేది బాబూ" అన్నాడు. రోజుకి 19 లీటర్ల నీళ్ళు పోతే పోనీ అనుకోవచ్చు, సీల్ లీకులో ఖరీదైంది నీళ్ళు కాదు, ఆయన అన్న ఆ నెలలో కాలిపోయే మోటార్.

తర్వాతి శనివారం

బిగింపు. ఇందులో తొందర పనికిరానిది సీల్ ఒక్కటే, మిగతాదంతా బోల్టులు తిప్పడమే.

షాఫ్ట్ మీద తుప్పుని జీరో పేపర్‌తో రుద్ది నున్నగా చేశా. సీల్ ప్లేట్‌లో సిరామిక్ కూర్చునే గుంట శుభ్రంగా తుడిచా, చిన్న ఇసుక రేణువున్నా రింగు ఓరగా కూర్చుంటది. సిరామిక్ చుట్టూ ఉన్న రబ్బరు కప్పుకి సబ్బు నీళ్ళు రాసి, మెరిసే ముఖం బయటికి ఉండేలా పెట్టి, ఆ ముఖానికి మెత్తటి గుడ్డ అడ్డం పెట్టి, పైన సరిపోయే పీవీసీ పైపు ముక్కతో చేతి ఒత్తిడి మీదే సమంగా దించా. సుత్తి వాడితే సిరామిక్ చిట్లుతది. ఆ రెండు ముఖాలకీ వేలు తగలనివ్వకూడదు, గ్రీజు అసలే వద్దు, వేలి జిడ్డు అంటినా లీకవ్వచ్చు, అంటితే స్పిరిట్‌తో తుడవాలి. స్ప్రింగు ముక్కని ఇంపెల్లర్ వెనక బుడిపెకి తొడిగా, కార్బన్ ముఖం సిరామిక్ వైపు చూడాలి. రబ్బరు రింగు షాఫ్ట్ మీద మళ్ళీ దాని చోటికి జరిపా. బావ టార్చి పట్టుకుని పక్కనే నిలబడి ఇదంతా చూసి "ఇంత చిన్న రింగు కోసమా 38 వేలు?" అన్నాడు.

బోల్టులు ఎదురెదురువి ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించా, ఒకవైపే బిగిస్తే సీల్ ప్లేట్ ఓ-రింగు నలుగుతది. చేత్తో షాఫ్ట్ తిప్పి చూస్తే ఎక్కడా రాసుకోకుండా తిరిగింది. ఇక్కడ "ఒక్క సెకను ఆన్ చేసి చూద్దామా" అని బావ చెయ్యి స్విచ్ మీదకి పోయింది, పట్టుకుని ఆపా, పొడిగా ఒక్క సెకను కూడా వద్దు, కొత్త సీల్ అక్కడే పాత సీల్ అయిపోతది.

మల్టీపోర్ట్ కూడా అదే ఊపులో విప్పేశాం. పై మూతకీ కింది బాడీకీ మార్కర్‌తో గీత పెట్టుకున్నా, మళ్ళీ అదే దిక్కులో కూర్చోవాలి. లోపల స్ప్రింగు బలంగా ఉంటది, స్క్రూలు తీసేటప్పుడు ఒకరు అదిమి పట్టుకోవాలి. గ్యాస్కెట్ చూస్తే ఒక ఆకు గాడిలోంచి పూర్తిగా లేచి మెలితిరిగి ఉంది, దాని కింద ఫిల్టర్ ఇసుక. పాత జిగురంతా గీకి, కొత్త గ్యాస్కెట్ 900, గాడిలో కూర్చోబెట్టి అతికించి రాత్రంతా ఆరనిచ్చాం.

ఆదివారం

స్కిమ్మర్ నోటికి సగం పైదాకా నీళ్ళు నింపి, వాల్వులు తెరిచి, పాట్ నిండాక మూత బిగించి, ఫిల్టర్ మీద గాలి స్క్రూ వదులు చేసి స్విచ్ వేశా. గాలి బుస్సుమని పోయి నీళ్ళు చిమ్మాక స్క్రూ కట్టేశా. ప్రెషర్ గేజ్ 0.8 కేజీల దగ్గర ఆగింది. ఈ అంకెని గేజ్ పక్కనే రాసి పెట్టాం, దీని మీద అర కేజీ పెరిగితే బ్యాక్‌వాష్. ఆర్‌సీసీబీ నిలబడింది. మోటార్ చప్పుడు మారింది, ముందు గరగరమనేది ఇప్పుడు ఉత్త గుయ్యిమనే మోతే.

మళ్ళీ ముగ్గుపిండి. సీల్ ప్లేట్ కింద మొదటి కొన్ని నిమిషాలు చిన్న చెమ్మ కనపడి ఆగిపోయింది, కొత్త ముఖాలు రెండూ కలుసుకునేదాకా అలా ఉంటది, కంగారు అక్కర్లేదు, గంట తర్వాత కూడా ఉంటే అప్పుడు ఆలోచించాలి. అరటి పాదులో పైపు ఎండిపోయింది. రెండో బకెట్ టెస్టులో బకెట్, పూల్ రెండూ 8 మిల్లీమీటర్ల దగ్గరే ఉన్నాయి, తేడా స్కేలు మీద దొరకలేదు.

సామాన్లు, షాపు పని కలిపి 3,450. నా పెట్రోలు, బావ పెట్టిన బిర్యానీ లెక్కలో లేవు.

మల్టీపోర్ట్ హ్యాండిల్ మీద "పంపు ఆపినంకనే తిప్పాలె" అని వాచ్‌మన్ చేతే పెయింటుతో రాయించాం, ఆయన రాస్తే ఆయన పాటిస్తాడు, వచ్చే సర్వీస్ వాళ్ళ చేత పాటింపజేస్తాడు కూడా. బిళ్ళలు ఇకనుంచి తేలే డబ్బాలో. ఆయన ఊరికెళ్తే టైమర్ ఆఫ్ చేసి వెళ్ళాలి.

బావ ఏమో బోరు లైనుకి ఫ్లోట్ వాల్వ్ పెట్టేస్తే మట్టం దానంతటదే నిండుతుంది కదా అంటున్నాడు. నేను వద్దన్నా. ఈసారి లీకు పట్టిచ్చింది రోజూ నీళ్ళు కలపాల్సి వస్తోందన్న వాచ్‌మన్ మాటే, ఆ పని ఫ్లోట్ చేసేస్తే ఎన్ని నీళ్ళు పోయినా ఎవరికీ తెలీదు. పెట్టే తీరాలంటే ముందు ఆ లైనుకి వాటర్ మీటర్ పెట్టించు, వారానికోసారి రీడింగ్ రాయించు, తర్వాతే ఫ్లోట్ అని చెప్పా. మీటర్ రేటు కనుక్కుంటున్నాడు. డ్రెయిన్ ప్లగ్గు ఓ-రింగు ఒకటి మిగిలింది, ఆ సైజు స్టాకు లేదన్నారు, ప్రస్తుతానికి టెఫ్లాన్ టేపు చుట్టి పెట్టా, వచ్చాక మార్చాలి.